టర్బో కారుకు బాహ్య వేస్ట్‌గేట్ అమరిక: స్థానం, పరిమాణం

1. ఉపోద్ఘాతం:
స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ టర్బోచార్జర్ పేటెంటు 1905 నాటిది. ఇంజను విడిచే పొగ టర్బైన్‌ను తిప్పుతుంది. అదే ఇరుసు మీది కంప్రెసర్ గాలిని అదిమి సిలిండర్లకు పంపుతుంది. గాలి, ఇంధనం పెరిగితే పొగ పెరుగుతుంది. పొగ పెరిగితే టర్బైన్ వేగం పెరుగుతుంది. ఈ చక్రానికి అడ్డు లేకపోతే పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు దెబ్బతింటాయి. కొంత పొగను టర్బైన్‌కు చేరనీయక పక్కదారి పట్టించే కవాటమే వేస్ట్‌గేట్. పేరును బట్టి అదిమిన గాలిని వృథా చేస్తుందని భ్రమపడరాదు. అది వదిలేది పొగనే. ఈ కవాటం టర్బైన్ గూడులోనే ఉంటే అంతర్గతం, మానిఫోల్డ్‌కు విడిగా బిగిస్తే బాహ్యం.

2. పనితీరు:
కవాటాన్ని స్ప్రింగు మూసి ఉంచుతుంది. కంప్రెసర్ నుంచి సన్నని గొట్టం ద్వారా వచ్చే పీడనం లోపలి డయాఫ్రమ్‌ను నెడుతుంది. ఆ బలం స్ప్రింగును మించినప్పుడు కవాటం తెరుచుకుంటుంది. ఈ గొట్టం ఊడినా, చిల్లుపడినా కవాటం సకాలంలో తెరుచుకోదు.

3. స్థాన నిర్ణయం:
అన్ని సిలిండర్ల పొగ కలిసే చోటు నుంచే వేస్ట్‌గేట్ దారి చీలాలి. ఒకే సిలిండర్ గొట్టానికి అతికిస్తే తక్కిన వాటి పొగ సులువుగా బయటపడదు. ఆ చీలిక ప్రవాహ దిశలోనే స్వల్ప కోణంతో సాగాలి. లంబంగా గాని, వెనక్కి తిరిగి గాని ఉంటే వేగంగా వచ్చే పొగ మలుపు తిరగలేక టర్బైన్ వైపే పోతుంది. అప్పుడు కవాటం పూర్తిగా తెరుచుకున్నా పీడనం పాకుతూ పెరుగుతుంది. దీనినే బూస్ట్ క్రీప్ అంటారు.

4. పరిమాణం:
ఎక్కువ పీడనానికి పెద్ద కవాటం కావాలన్నది సహజంగా కలిగే అభిప్రాయం. వాస్తవం ఇందుకు విరుద్ధం. ఒకే ఇంజను, ఒకే టర్బో ఉన్నప్పుడు పీడనాన్ని తక్కువ స్థాయిలో నిలపాలంటేనే ఎక్కువ పొగను మళ్లించాలి. కనుక పెద్ద కవాటం అవసరం. 38, 44, 60 మి.మీ. కవాటాల మధ్య ఎంపికకు ఇదే ప్రాతిపదిక.

5. బిగింపు:
ఫ్లాంజిని వెల్డింగ్ చేసేటప్పుడు కవాటాన్ని తీసి ఉంచాలి. లేకుంటే వేడికి డయాఫ్రమ్ పాడవుతుంది. వెల్డింగ్ వల్ల ఫ్లాంజి వంగితే చదును చేయాలి. బయటి గొట్టాన్ని టర్బైన్‌కు తగినంత దూరంలో ప్రధాన పొగగొట్టంలో కలిపి, వేడికి సాగే బెల్లోస్‌ను మధ్యలో అమర్చాలి.

6. ముగింపు:
పీడన నియంత్రణ స్ప్రింగు బలం ఒక్కదానిపైనే ఆధారపడదు. పొగకు సులువైన దారి చూపని మానిఫోల్డ్ మీద ఎంత మేలైన కవాటమైనా ఇంజనును కాపాడలేదు.