తాతల నాటి మోటారు కార్లు

పిల్లలూ! పలాస-కాశీబుగ్గ దగ్గర జాతీయ రహదారి పక్కన నిలబడి, పోయే కార్లను లెక్కపెట్టి చూడండి. అయిదు నిమిషాలు గడవకముందే చేతివేళ్ళు చాలవు, కాలివేళ్ళూ చాలవు. మీ తాతలు చిన్నవాళ్ళుగా వున్నప్పుడు ఇదే రోడ్డు మద్రాసు నుంచి కలకత్తా పోయే పాత రోడ్డు. దాని మీద ఎడ్లబళ్ళు, సైకిళ్ళు, అప్పుడప్పుడు ఒక బస్సో లారీయో. వూళ్ళోకి కారు వచ్చిందంటే పిల్లలంతా దుమ్ములో దాని వెనక పరిగెత్తేవారు. కారు ఆగితే చుట్టూ చేరి, అద్దంలో తమ ముఖాలు చూసుకునేవారు.

అప్పుడు కారు ఎవరికి వుండేది? జమీందార్లకు, పెద్ద వర్తకులకు, డాక్టర్లకు, ప్లీడర్లకు. తక్కిన వాళ్ళు పెళ్ళికో, ఆపదకో బాడుగకు తెచ్చుకునేవారు. అయినా మీ ఇంట్లో పెద్దవాళ్ళను కదిపి చూడండి. సొంత కారైనా, బాడుగ కారైనా, తాత డ్రైవరుగా నడిపిన కారైనా, ఏదో ఒక కారు కథ తప్పకుండా బయటికి వస్తుంది. ఆ కథ వినేటప్పుడు మీకు కొన్ని సంగతులు తెలిసివుంటే, అది ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆ కార్లు ఎక్కడివి?

మొదట మన దేశంలో తిరిగిన కార్లన్నీ సముద్రం దాటి వచ్చినవే. ఆస్టిన్, మారిస్ కార్లు ఇంగ్లండు నుంచి, ఫోర్డు, షెవర్లే కార్లు అమెరికా నుంచి వచ్చేవి. 1942లో హిందూస్థాన్ మోటార్స్ కంపెనీ పుట్టింది. 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పుట్టింది. హిందూస్థాన్ వారు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1957లో అంబాసిడర్ కారు తయారు చేయటం మొదలుపెట్టారు. అది ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకు తోబుట్టువు. ప్రీమియర్ వారు ఇటలీ కంపెనీతో కలిసి ఫియట్ కారు తయారు చేశారు. మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చింది.

ఎన్నో ఏళ్ళపాటు మన దేశంలో కారు కొనదలచిన వాళ్ళకు ఈ మూడే దిక్కు. అదీ అడిగిన వెంటనే దొరికేది కాదు. డబ్బు కట్టి, పేరు రాయించుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అందుకనే కారు వచ్చిన రోజు ఆ ఇంట్లో పండగ. కారుకు పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. కొబ్బరికాయకు ఉద్దానంలో కరువేమిటి?

కారును తిప్పి లేపటం

ఇప్పుడు బొత్తాం నొక్కితే కారు లేస్తుంది. అప్పట్లో చాలా కార్లకు ముందు భాగాన ఒక రంధ్రం వుండేది. అందులో వంకర తిరిగిన ఇనుప కడ్డీ దూర్చి, బలంగా తిప్పాలి. దాన్నే హ్యాండిల్ అనేవారు.

ఎందుకు తిప్పాలి? యంత్రంలో ముషలకం పైకీ కిందికీ ఆడుతూ వుంటుంది. అది కిందికి దిగినప్పుడు పెట్రోలు ఆవిరి, గాలి కలిసి లోపలికి వస్తాయి. పైకి వచ్చినప్పుడు ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. అప్పుడు ఒక నిప్పురవ్వ పడితే మిశ్రమం భగ్గున మండి ముషలకాన్ని కిందికి నెడుతుంది. ఒకసారి మండితే ఆ వూపుతోనే తరవాతి ఆట సాగుతుంది. కాని మొట్టమొదటి ఆట ఎవరో ఒకరు ఆడించాలి గదా! ఆ పని హ్యాండిల్ తిప్పే మనిషిది.

ఇందులో ఒక ప్రమాదం వున్నది. ముషలకం పూర్తిగా పైకి రాకముందే నిప్పురవ్వ పడితే, యంత్రం వెనక్కు తన్నుతుంది. ఆ తన్నుతో హ్యాండిల్ గిర్రున వెనక్కు తిరిగి చెయ్యి విరగ్గొట్టేది. అందుచేత తెలిసిన డ్రైవర్లు హ్యాండిల్‌ను మామూలుగా పిడికిలి బిగించి పట్టుకునేవారు కారు. బొటనవేలిని కూడా తక్కిన వేళ్ళ పక్కనే వుంచేవారు. అట్లా పట్టుకుంటే యంత్రం తన్నినా హ్యాండిల్ చేతిలోనుంచి జారిపోతుంది, వేలు విరగదు. మీ తాత ఎప్పుడైనా డ్రైవరుగా పనిచేసివుంటే, "హ్యాండిల్ ఎట్లా పట్టుకునేవాడివి తాతా?" అని అడగండి. మాటలతో చెప్పడు, చెయ్యి చాపి చూపిస్తాడు!

1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు విద్యుత్తుతో యంత్రాన్ని తిప్పే సాధనం అమర్చారు. దాన్ని తయారు చేసినవాడు చార్లెస్ కెటరింగ్. అదే సెల్ఫ్ స్టార్టరు. అది వచ్చిన తరవాత కూడా, బాటరీ నీరసపడిన రోజున పనికొస్తుందని అంబాసిడర్ వంటి కార్లలో హ్యాండిల్ పెట్టుకునే ఏర్పాటు వుంచారు.

చేతులున్న కారు, దాహం వేసే కారు

పాత మారిస్, ఆస్టిన్ కార్లకు చేతులు కూడా వుండేవి. నమ్మరా? డ్రైవరు మీట తిప్పితే, తలుపు పక్కన స్తంభంలోనుంచి ఒక చిన్న పసుపుపచ్చని చెయ్యి పైకి లేచేది. రైలు దారిలో సిగ్నల్ రెక్క లేచినట్టే! కారు ఏ పక్కకు తిరుగుతుందో వెనకవాళ్ళకు దానివల్ల తెలిసేది. మినుకు మినుకుమనే దీపాలు వచ్చాక ఆ చేతులు పోయాయి.

ఆ కార్లకు దాహం కూడా ఎక్కువే. యంత్రంలో పుట్టే వేడిని నీరు పీల్చుకుని, ముందున్న రేడియేటరులో చల్లబడి, మళ్ళీ యంత్రంలోకి పోతుంది. ఎండలో, బరువుతో చాలా దూరం పోతే పాత కార్లలో ఆ నీరు మరిగి ఆవిరైపోయేది. అందుకని కారు ముందు గుడ్డసంచిలో నీళ్ళు వేలాడగట్టేవారు. గుడ్డలోనుంచి కొంచెం కొంచెంగా నీరు వూరి ఆవిరి కావటంచేత లోపలి నీరు చల్లగా వుండేది. మన కుండలో నీరు చల్లబడేది కూడా ఇందువల్లనే. ఆ సంచిలోని నీళ్ళు కారూ తాగేది, కారులోని మనుషులూ తాగేవారు.

బొగ్గు తిని నడిచిన బస్సులు

మీ ముత్తాతల కాలంలో ఒక విచిత్రం జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 మార్చిలో జపానువారు రంగూన్‌ను పట్టుకున్నారు. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశారు. మన జిల్లా వైపునుంచి కూలికోసం బర్మా వెళ్ళిన ఎంతోమంది తెలుగువారు ఆ ఏడు అన్నీ వదులుకుని ఇంటిదారి పట్టారు. బర్మా పోవటంతో అక్కడి నూనెబావులు కూడా చేజారాయి. పెట్రోలుకు రేషను వచ్చింది. చాలా కార్లు కొట్టాల్లో నిద్రపోయాయి.

అప్పుడు బస్సుల వెనక పెద్ద ఇనుపపీపాలు అమర్చి, వాటిలో కట్టెబొగ్గు పోసి కాల్చేవారు. గాలి చాలినంత అందకుండా బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది మండే వాయువు. పెట్రోలు ఆవిరికి బదులు దాన్నే యంత్రంలోకి పంపేవారు. కాని దానికి పెట్రోలుకున్న బలం లేదు. గట్టు వచ్చిందంటే ప్రయాణీకులు దిగి బస్సును తోయవలసివచ్చేది. టిక్కెట్టు కొన్నవాళ్ళే బండి లాగేవాళ్ళన్నమాట!

ఇసుకలో జీపు

ఉద్దానంలో సముద్రం వైపు పోతే అంతా ఇసుకనేల. ఇటు జీడితోటలు, అటు కొబ్బరితోటలు. మామూలు కారు ఇసుకలో దిగబడితే, చక్రం తిరిగినకొద్దీ గుంట లోతవుతుంది. అక్కడికి పోవాలంటే జీపు కావాలి. మామూలు కారులో యంత్రం బలం రెండు చక్రాలకే అందుతుంది. జీపులో నాలుగు చక్రాలకూ అందేట్టు చేయవచ్చు. రెండు జారినా తక్కిన రెండూ లాగుతాయి. ఇంకొక కిటుకు: ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తారు. టైరు వెడల్పుగా పరుచుకుని, బరువు ఎక్కువ చోట పడి, చక్రం కూరుకుపోదు. ఒంటె పాదం వెడల్పుగా వుండేది కూడా ఇందుకే.

కారు లేని ఇంటి కథ

ఇది చదివి, "మా ఇంట్లో ఎప్పుడూ కారు లేదే!" అని చిన్నబుచ్చుకోకండి. మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో వుండేది కాదు. మీ నాయనమ్మ జీడి పిక్కలు కొట్టే పనికి నడిచే పోయివుండవచ్చు. మీ తాత కొబ్బరికాయల లారీకి క్లీనరుగా వెళ్ళివుండవచ్చు. ఆ కథ కూడా కారు కథే.

1983 డిసెంబరు 14వ తేదీన మారుతి 800 కారు వచ్చింది. అది చిన్నది, పెట్రోలు తక్కువ తాగుతుంది. మధ్యతరగతి ఇళ్ళ ముందు కార్లు కనిపించటం ఆ తరవాతనే పెరిగింది. అందుచేత చాలామంది నాన్నలకు కారు జ్ఞాపకం అంటే మారుతి జ్ఞాపకమే.

ఇంకొక సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను బాధపెడుతున్నది. అటువంటి ఇళ్ళలో కారు అనగానే గుర్తుకు వచ్చేది పెళ్ళి కాదు, షికారు కాదు. అమ్మనో తాతనో పడుకోబెట్టుకుని విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకుపోయిన రాత్రి ప్రయాణం. బాడుగ డబ్బుకోసం ఏదో ఒకటి తాకట్టు పెట్టిన ఇళ్ళూ వుంటాయి. 2023 డిసెంబరులో పలాసలోనే మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. పెద్దవాళ్ళు ఈ ప్రయాణాల గురించి చెప్పటానికి ఇష్టపడకపోతే బలవంతపెట్టకండి. చెప్పితే మాత్రం శ్రద్ధగా వినండి. కష్టకాలంలో అర్ధరాత్రి తలుపు తడితే లేచి బండి తీసిన డ్రైవరు పేరు, ఆ ఇంటివాళ్ళు తమ చుట్టాల పేర్లతోబాటు గుర్తుంచుకుంటారు.

ఆ కార్లు ఏమయినాయి?

ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఆ నీటిలో ఉప్పు వుంటే తుప్పు మరీ త్వరగా పడుతుంది. ఎందుకంటే ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది. తుప్పు పట్టటంలో జరిగే మార్పు కూడా విద్యుత్తుతో కూడినదే. నౌపడాలో వుప్పుమళ్ళున్నాయి, భావనపాడు నుంచి బారువ దాకా సముద్రం. ఆ గాలి తగులుతూ వుంటే కారు అడుగురేకు లోపలినుంచి తినేస్తుంది. పైన రంగు బాగానే వుంటుంది. ఒకనాడు కాలు పెడితే రోడ్డు కనిపిస్తుంది!

ఇట్లా చాలా కార్లు పాత ఇనుము కిందికి పోయాయి. అంబాసిడర్ తయారీ కూడా 2014లో ఆగిపోయింది. యాభై ఏళ్ళు దాటి, మార్పులు లేకుండా మిగిలిన బండ్లను కాపాడటానికి 2021లో ప్రభుత్వం ప్రత్యేక నిబంధనలు చేసింది. వాటికి ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. కాని అట్లా మిగిలినవి ఎన్ని?

ఇనుము పోతే కాగితాలైనా వుండాలి గదా! 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తితిలీ తుఫాను మన తీరాన్ని దాటింది. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు నేలకూలాయి, ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. ట్రంకుపెట్టెల్లో దాచుకున్న ఫొటోలు తడిసి ముద్దయితే వాటిని ఆరబెట్టే తీరికెవరికి? అంటే ఇక ఆ కారు మిగిలివున్నది ఒక్కచోటనే: మీ తాత తలలో, మీ నాయనమ్మ తలలో.

మీరు చేయవలసిన పని

ఒక నోటు పుస్తకం తీసుకోండి. పెద్దవాళ్ళను ఒక్కొక్కరినీ విడివిడిగా ఈ ప్రశ్నలు అడగండి. మొదట ఎక్కిన మోటారు బండి ఏది? దాని రంగేమిటి? ముందు సీటులో ఎంతమంది కూచున్నారు? గేరు కడ్డీ ఎక్కడ వుండేది? ఎక్కడ ఆగిపోయింది, ఎవరు తోశారు? దాని వాసన ఎట్లా వుండేది? చివరకు దాన్ని ఎవరికి అమ్మారు, ఎందుకు అమ్మారు?

తాత "అది మారిస్" అంటాడు. నాయనమ్మ "కాదు, ఆస్టిన్" అంటుంది. అప్పుడు ఎవరిది నిజమని పోట్లాడకండి, సాక్ష్యం వెతకండి. రిజిస్ట్రేషను పుస్తకం వుంటే అందులో రాసివుంటుంది. పెళ్ళి ఫొటోలో కారు ముందుభాగం కనిపిస్తే గుర్తుపట్టవచ్చు. నంబరు పలక కూడా కాలం చెబుతుంది. 1989లో కొత్త చట్టం అమలుకు వచ్చాక శ్రీకాకుళం బండ్లకు ఏ.పి. 30 అని వచ్చింది. 2019లో రాష్ట్రమంతటికీ ఏ.పి. 39 అని ఇవ్వటం మొదలుపెట్టారు. 1989కి ముందు ఆంధ్రప్రదేశ్ బండ్లకు అంకెల ముందు మూడు ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే వుండేవి. తాత "అరవై మైళ్ళు పోయాం" అంటే అది దాదాపు 97 కిలోమీటర్లు. "నాలుగు గ్యాలన్లు పోయించాం" అంటే సుమారు 18 లీటర్లు.

మీరు రాసినదాన్ని వాళ్ళకు చదివి వినిపించండి. వింటూ వుంటే మరిచిపోయినవి మళ్ళీ జ్ఞాపకం వస్తాయి. తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు. కింద తేదీ వేయండి, చెప్పినవాళ్ళ పేరు రాయండి.

ఈ పనికి మంచి రోజు చూడనక్కరలేదు. తాత ఇంట్లో వున్న రోజే మంచి రోజు.