బాస్కెట్‌బాల్ పట్టికను చదువుట ఎట్లు?

కొయ్యూరులోనైనను మరెచ్చటనైనను ఆట ముగియగానే మనమడుగు మొదటి ప్రశ్న "ఎవరెన్ని పాయింట్లు చేసిరి?" అనునదే. అది చాలదు. 2018 మే 20న బెల్‌గ్రేడ్‌లో యూరోలీగ్ బాస్కెట్‌బాల్ అంతిమ పోటీ జరిగినది. ఫెనర్‌బాచె ఆటగాడు నికోలో మెల్లి ఒక్కడే 28 పాయింట్లు సాధించెను. అయినను 85–80తో గెలిచినది రియల్ మాడ్రిడ్! ఆ జట్టున కోజర్ 17, డాంచిచ్ 15 చేసిరి. తక్కినవి పలువురు పంచుకొనిరి.

ఇట్టి చిక్కు కొంతవరకైనను తీరుటకు యూరోలీగ్ పట్టికయందు ప్రతి ఆటగానికి ఒక మొత్తపు విలువ కట్టుదురు. పాయింట్లకు, బుట్ట తప్పి తిరిగివచ్చిన బంతిని పట్టుట, తోటివాడు బుట్ట వేయునట్లు బంతి అందించుట, ఎదిరి చేతి బంతిని లాగుకొనుట మొదలగునవి కూడుదురు. తప్పిన గురులు, పోగొట్టిన బంతులు, చేసిన ఫౌళ్లు తీసివేయుదురు. మన స్కోరు పుస్తకమున బంతి అందించిన వాని పేరునకు గడియే లేదు. జట్టును ఎన్నుకొనువారు చూచునది ఆ పుస్తకమునే గదా!