మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ తిరోగమనం: పాతబస్తీ ముద్రణరంగ నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: ఫర్మ్‌వేర్, బయోస్, వెర్షన్ తిరోగమనం, ఇన్‌పేజ్, ఛత్తా బజార్.

ప్రవేశిక

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తా బజార్ పెళ్లి పత్రికల ముద్రణకు, ఉర్దూ నగీషీ రాతకు ప్రసిద్ధి. ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1994లో ఇన్‌పేజ్‌ను రూపొందించిన తరువాత కాతిబుల కలం చేసే పనిలో అధికభాగం కంప్యూటర్‌కు మారింది. షాదీ రుక్కాల అక్షరకూర్పంతా ఒకే యంత్రంపై సాగించే చిన్న దుకాణానికి, పెళ్లిళ్ల కాలంలో ఆ యంత్రం ఆగితే ఒప్పుకున్న పని తప్పినట్టే. ఇటువంటి చోట ఫర్మ్‌వేర్‌ను నవీకరించాక పాత సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే, మునుపటి వెర్షన్‌కు మరలడమే పరిష్కారంగా తోస్తుంది. ఆ మరలింపు ఏ స్థితిలో క్షేమకరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

దోషం వెర్షన్‌దేనా?

కంప్యూటర్‌కు విద్యుత్తు అందగానే, విండోస్ కంటే ముందు మేల్కొనేది బయోస్. ఇది మదర్‌బోర్డుపై గోరంత ఫ్లాష్ చిప్‌లో నిక్షిప్తమై ఉంటుంది. నవీకరణ జరిగినప్పుడు అందులోని అమరికలు సాధారణంగా తయారీదారు నిర్ణయించిన తొలిస్థితికి చేరతాయి. పాత విండోస్‌కు అవసరమైన లెగసీ బూట్ ఆగిపోవచ్చు, డిస్క్ నియంత్రణ పద్ధతి మారవచ్చు. 2021లో విండోస్ 11 రాకకు అనుగుణంగా పలు సంస్థలు భద్రతా మాడ్యూల్‌ను అప్రమేయంగా తెరిచి ఉంచే నవీకరణలు విడుదల చేశాయి. కనుక వెర్షన్‌పై మోపే నేరాల్లో కొన్ని నిజానికి అమరికలవే. వాటిని సరిచూడకుండా తిరోగమనానికి పూనుకోవడం తొందరపాటు.

కొన్ని నవీకరణలను వదులుకోవడం మాత్రం ప్రమాదకరం. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అధిక వోల్టేజీ కోరి క్రమంగా దెబ్బతింటున్నందున, ఆ సంస్థ 2024 ఆగస్టులో 0x129, సెప్టెంబరులో 0x12బి మైక్రోకోడ్‌లను విడుదల చేసింది. ఇవి బయోస్ ద్వారానే అందుతాయి. పాత బయోస్‌కు మరలితే ఆ రక్షణ పోతుంది. ప్రాసెసర్‌కు జరిగిన హాని మళ్లీ మానదు. 2023లో ఏఎండీ రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయిన ఉదంతాల తరువాత ఎస్ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులకు పరిమితం చేసిన నవీకరణలూ ఈ కోవలోవే.

బోర్డు అనుమతి

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011 ఏప్రిల్‌లో వెలువరించిన 800-147 మార్గదర్శకాలు, బయోస్ ఫైలు ప్రామాణికతను డిజిటల్ సంతకంతో ధ్రువీకరించాలని సూచించాయి. సరైన సంతకమున్న పాత ఫైలులోనూ తెలిసిన భద్రతాలోపం ఉండవచ్చు. అందువల్ల కొన్ని బోర్డులు పాత వెర్షన్‌ను స్వీకరించవు. నిరాకరణకు మరో కారణం చోటు. 16 మెగాబైట్ల చిప్‌లో అన్ని తరాల ప్రాసెసర్ల సమాచారం ఇమడనందున, బీ450, ఎక్స్470 బోర్డులకు జెన్ 3 మద్దతును 2020 మే నెలలో ప్రకటించినప్పుడు ఏఎండీ దాన్ని వెనుదిరగలేని మార్గంగానే పేర్కొంది. ఇంటెల్ బోర్డుల్లో బయోస్ వెనక్కి వెళ్లినా మేనేజ్‌మెంట్ ఇంజన్ కొత్త వెర్షన్‌లోనే మిగిలిపోయే అవకాశముంది. తయారీదారు విడుదల వివరణలో ఈ హెచ్చరికలుంటాయి. చదవవలసిన మొదటి పత్రం అదే.

ఆచరణ

బోర్డు పేరుతోపాటు దానిపై ముద్రించిన రివిజన్ సంఖ్యకూ సరిపోయే ఫైలును తయారీదారు నుంచే తీసుకోవాలి. బిట్‌లాకర్ ఉంటే తాత్కాలికంగా నిలిపి, రికవరీ కీని కాగితంపై రాసుకోవాలి. బయోస్ మార్పును అది చొరబాటుగా భావించి డిస్క్‌ను తెరవనివ్వదు. ప్రస్తుత అమరికలను ఫోటో తీసుకోవడం మేలు. ప్రక్రియను విండోస్‌లో కాక బయోస్‌లోని సాధనంతో, యూఎస్‌బీ నుంచి నడపడం శ్రేయస్కరం. రాత సాగే కొద్ది నిమిషాల్లో కరెంటు పోకూడదు. ఇంటి ఇన్వర్టర్ మార్పిడికి పట్టే క్షణకాలంలో కంప్యూటర్ ఆగిపోవచ్చు కాబట్టి మంచి స్థితిలో ఉన్న యూపీఎస్ అవసరం.

అయినా రాత మధ్యలో ఆగితే బోర్డు చీకటి తెరతో మిగులుతుంది. గిగాబైట్ డ్యూయల్ బయోస్ ఉన్న బోర్డుల్లో రెండో చిప్ ఆదుకుంటుంది. అసుస్ ఫ్లాష్‌బ్యాక్ సౌకర్యముంటే ప్రాసెసర్ లేకున్నా యూఎస్‌బీ నుంచి రాయవచ్చు. ఇవి లేనప్పుడు చిప్‌కు క్లిప్ తగిలించి సీహెచ్341ఏ వంటి ప్రోగ్రామర్‌తో నేరుగా రాయడమే గతి. సాధారణంగా ఆ చిప్‌లు 3.3 వోల్టులవి, కొన్ని 1.8 వోల్టులవి; చౌకగా దొరికే కొన్ని ప్రోగ్రామర్లు డేటా తీగలపై 5 వోల్టులు పంపుతాయి. రాసే ముందు చిప్‌లో ఉన్నదాన్ని రెండుసార్లు చదివి, రెండు ప్రతులూ ఒకటేనని నిర్ధారించుకోవాలి. సాధ్యమైతే ఈ ప్రతిని నవీకరణకు పూర్వమే, యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసి ఉంచాలి. అనేక బోర్డుల్లో క్రమసంఖ్య, నెట్‌వర్క్ చిరునామా ఆ చిప్‌లోనే ఉంటాయి. మరో బోర్డు నుంచి తెచ్చిన ఫైలును యథాతథంగా రాస్తే యంత్రం లేస్తుంది కానీ ఆ గుర్తింపు చెరిగిపోతుంది. ఆ చిరునామాతో ముడిపడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు పనిచేయదు.