మోటారు సైకిలు గొలుసు ఎందుకు పొడవవుతుంది?

దూరప్రయాణాలకు తగిన మోటారు సైకిలును వాడిన సరుకుగా కొనేవారు ముందుగా ఇంజను శబ్దం వింటారు. తరువాత టైర్లు, రంగు చూస్తారు. ఇంజను శక్తిని వెనుక చక్రానికి అందించే గొలుసును మాత్రం చాలామంది పట్టించుకోరు. పట్టించుకున్నా దాని అరుగుదల కంటికి తేలికగా ఆనదు. ఇద్దరు కూర్చుని, సామాను కట్టుకొని వేగంగా పోతున్న బండి మీద ఈ గొలుసు తెగిందా, అది వెనుక చక్రంలో చిక్కుకొని చక్రం తిరగకుండా బిగించివేయవచ్చు. లేదా ముందు పళ్లచక్రం దగ్గర పోగుపడి ఇంజను పెట్టెనే పగులగొట్టవచ్చు.

పాత గొలుసును చూపి మెకానిక్కులు "సాగింది" అంటారు. రబ్బరు సాగినట్లు ఉక్కు సాగిందని అనుకుంటే పొరపాటు. గొలుసులోని పలకలు దాదాపు మొదటి పొడవునే ఉంటాయి. పెరిగినదల్లా కీళ్లలోని సందు. ఈ మాట అర్థం కావాలంటే గొలుసు నిర్మాణం తెలియాలి.

గొలుసుతో యంత్రాన్ని నడపాలనే ఊహ పాతదే. లియొనార్డో డా విన్సీ తన వ్రాతప్రతులలో అటువంటి గొలుసుల బొమ్మలు గీసి పెట్టాడు. నేడు వాడుకలో ఉన్న రోలరు గొలుసుకు మూలమైన రూపాన్ని స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనోల్డ్ 1880లో రూపొందించాడు. ఇందులో రెండు రకాల లంకెలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. లోపలి లంకెలో రెండు పలకలను రెండు బోలు గొట్టాలు కలుపుతాయి, వీటిని బుష్షులంటారు. ఒక్కొక్క బుష్షు మీద ఒక రోలరు తిరుగుతూ ఉంటుంది. బయటి లంకెలో రెండు పలకలను రెండు పిన్నులు కలుపుతాయి. బయటి లంకె పిన్ను లోపలి లంకె బుష్షులో దూరుతుంది. ఇదే కీలు.

గొలుసు పళ్లచక్రం మీదికి ఎక్కేటప్పుడు ఈ కీలు వంగుతుంది, దిగేటప్పుడు తిన్ననవుతుంది. ముందు చక్రానికి 15 పళ్లుంటే ప్రతిసారీ వంగే కోణం 360ని 15తో భాగిస్తే వచ్చే 24 డిగ్రీలు. వెనుక 42 పళ్ల చక్రం మీద అది 8.6 డిగ్రీలే. అందుచేతనే ముందు చక్రం మరీ చిన్నదైతే గొలుసు త్వరగా అరుగుతుంది. వెనుక టైరు చుట్టుకొలత 2 మీటర్లు, గొలుసులో 110 లంకెలు అనుకొని లెక్క వేస్తే, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఒక్కొక్క కీలు గంటకు అరవై వేల సార్లకు పైగా కదులుతుంది.

కదలికకు తోడు లాగుడు. 40 న్యూటన్-మీటర్ల టార్కు ఇచ్చే ఇంజను మొదటి గేరులో దానిని 5 రెట్లు పెంచితే ముందు పళ్లచక్రానికి 200 న్యూటన్-మీటర్లు అందుతాయి. ఆ చక్రం వ్యాసార్ధం 38 మిల్లీమీటర్లే. ఘర్షణ నష్టాన్ని లెక్కించకపోతే గొలుసు మీది లాగుడు 5,200 న్యూటన్లు దాటుతుంది. అంటే అయిదు క్వింటాళ్లకు పైగా బరువును ఆ గొలుసుకు వేలాడదీసినట్లే. ఇంత ఒత్తిడిలో పిన్నుకు, బుష్షుకు మధ్య గ్రీజు లేక, దాని బదులు దుమ్ము, ఇసుక చేరితే ఆ రెండూ ఒకదానినొకటి నూరుకుంటాయి.

పెద్ద మోటారు సైకిళ్ల గొలుసుల మీద 520, 525, 530 వంటి అంకెలు ఉంటాయి. మొదటి 5 అంగుళంలో ఎనిమిదో వంతులను తెలుపుతుంది. అనగా కీలుకూ కీలుకూ మధ్య దూరం అయిదు ఎనిమిదో వంతుల అంగుళం, లేదా 15.875 మిల్లీమీటర్లు. చివరి రెండు అంకెలు లోపలి వెడల్పుకు గుర్తు. ఇరవై లంకెల పొడవు, కొత్తగా ఉన్నప్పుడు, 317.5 మిల్లీమీటర్లు. సుజుకీ బండ్లు కొన్నిటికి ఈ పొడవు 319.4 దాటితే గొలుసు మార్చమని పుస్తకాలలో ఉంటుంది. కవాసాకీ బండ్లు కొన్నిటికి 323 వరకు అనుమతి ఉన్నది. ఈ తేడా చూసి కలవరపడనక్కరలేదు. ఏ బండికి దాని పుస్తకమే ప్రమాణం. గొలుసు నూటికి ఒకటి చొప్పున పెరిగిందంటే ఒక్కొక్క కీలులో పెరిగిన సందు సుమారు 0.16 మిల్లీమీటరు మాత్రమే. ఒకటి రెండు కాగితాల మందం! కంటికి ఆనకపోవడంలో వింత లేదు.

ఈ స్వల్పమైన పెరుగుదల పళ్లచక్రం మీద పెద్దదై కనిపిస్తుంది. కీళ్ల మధ్య దూరం పెరిగిన గొలుసుకు అన్నే పళ్ల మీద కూర్చోవడానికి పెద్ద వృత్తం కావాలి. అందుచేత రోలర్లు పంటి మొదలు విడిచి పైకి ఎక్కుతాయి. నూటికి ఒకటిన్నర పెరిగితే 15 పళ్ల చక్రం మీద ఈ ఎత్తు అర మిల్లీమీటరు కంటె కొంచెం ఎక్కువ. 42 పళ్ల చక్రం మీద 1.6 మిల్లీమీటర్లు. వెనుక చక్రం చివర గొలుసును వేళ్లతో పట్టి వెనక్కు లాగి చూసే అలవాటుకు ఆధారం ఇదే. పళ్లకూ గొలుసుకూ నడుమ వెలుతురు బాగా కనిపిస్తే ఆ గొలుసు పని అయిపోయినట్లే. విద్యార్థులు దీనిని తమ సైకిలు మీదే పరీక్షించవచ్చు. సైకిలు గొలుసులో కీళ్ల దూరం అర అంగుళం. 24 లంకెలు సరిగా 12 అంగుళాలు రావాలి. అరుగుదల అన్నిచోట్లా సమానంగా ఉండదు గనుక కొలత రెండుమూడు చోట్ల తీసుకోవాలి, గొలుసు బిగువుగా ఉండాలి.

పైకి ఎక్కిన రోలర్లు పళ్ల కొసలను ఒకవైపు తినివేసి వాటిని కొక్కేల వలె వంకరగా చేస్తాయి. అటువంటి చక్రాల మీద కొత్త గొలుసు వేస్తే రోలర్లు పళ్ల మొదట్లో సరిగా కుదురుకోవు. బరువంతా కొద్ది పళ్ల మీదనే పడుతుంది. వంకర పన్ను రోలరును వెంటనే వదలదు. కొత్త గొలుసు అకాలంగా పాడవుతుంది. పాత గొలుసు కింద కొత్త చక్రాలు వేసినా ఇదే గతి. గొలుసు ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకోవాలనుకోవడం మంచి లెక్క కాదు. ముందు చక్రం, వెనుక చక్రం, గొలుసు మూడింటినీ ఒకేసారి మార్చాలి.

వాడిన బండి విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. వెనుకటి యజమాని వేగం కోసమో, ఎత్తులు ఎక్కడం కోసమో పళ్ల సంఖ్య మార్చి ఉండవచ్చు. 42ను 15తో భాగిస్తే 2.8, ముందు 14 పళ్లు వేస్తే 3. కాబట్టి కొత్తవి కొనేముందు పళ్లు లెక్కపెట్టి పుస్తకంతో సరిచూడాలి. ముందు చక్రం నట్టును పాత గొలుసు ఉండగానే, వెనుక బ్రేకు తొక్కిపట్టి వదులు చేయాలి. గొలుసు తీసివేశాక చక్రాన్ని ఆపి పట్టుకునేదేమీ ఉండదు. చక్రాలు ఊడదీసినప్పుడే వెనుక హబ్బులోని రబ్బరు దిమ్మలను, బేరింగులను చూసుకోవడం తెలివైన పని. గొలుసును కలిపే లంకెకు క్లిప్పు ఉంటే దాని మూసిన కొస గొలుసు పరుగెత్తే దిక్కుకు ఉండాలి. ఎక్కువ శక్తి గల బండ్లకు క్లిప్పు కాక, కొస నొక్కి మూసే రివెట్టు లంకె వాడతారు.

కీళ్లలో గ్రీజు నింపి రబ్బరు వలయాలతో మూసిన గొలుసులను పెట్రోలుతోను, తీగ బ్రష్షుతోను శుభ్రం చేయరాదు. ఆ వలయాలు చెడితే గ్రీజు పోతుంది. బయట ఎంత నూనె పోసినా లోపలికి చేరడం కష్టం.

ఇక బిగువు. గేరుపెట్టె ఇరుసు, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనుక చక్రం ఇరుసు ఒకే సరళరేఖలోకి వచ్చినప్పుడు గొలుసు అతి బిగువుగా ఉంటుంది. గుంతలో పడి వెనుక స్ప్రింగులు అణగినప్పుడు సాధారణంగా ఈ స్థితి వస్తుంది. నిలిపి ఉన్న బండికే గొలుసు బిర్రుగా బిగిస్తే, అప్పుడు లాగుడంతా గేరుపెట్టె బేరింగు మీద పడుతుంది. పుస్తకంలో చెప్పిన వదులు ఉంచి తీరాలి. కొత్త గొలుసు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త వదులవుతుంది గనుక ఆ తరువాత ఒకసారి తిరిగి కొలిచి సరిచేయాలి.