జింకల కోసం ఒక చేను

పైరు చేతికి వచ్చే రోజుల్లో మన మెట్ట రైతుకు నిద్ర వుండదు. చేని మధ్య మంచె కట్టుకుని, డబ్బా వాయిస్తూ, కేకలు పెడుతూ అడవిపందులనూ జింకలనూ అదిలిస్తూ తెల్లవార్లూ కాపలా కాస్తాడు. అటువంటి వాడితో, "జింకలు వచ్చి మేయాలని పనిగట్టుకుని దున్ని, ఎరువు వేసి, విత్తనం చల్లేవాళ్ళు కూడా లోకంలో వున్నారయ్యా" అని చెప్పి చూడండి. "వాళ్ళకేం పొయ్యేకాలం బాబూ!" అనకపోతే ఒట్టు.

కాని అమెరికాలో ఇది ఎందరికో సెలవురోజుల వ్యాపకం. అడవి అంచున కాస్త సొంత భూమి వుంటే చాలు, అందులో అర ఎకరమో ఎకరమో విడదీసి, తెల్లతోక జింకల కోసం క్లోవర్, ఓట్స్, రై, ముల్లంగి జాతి మొక్కలు వేస్తారు. దానిని వాళ్ళు "ఫుడ్ ప్లాట్" అంటారు. మనం మేతచేను అందాం.

ఇదంతా ఉత్త భూతదయ అనుకునేరు! చేను వేసేవాళ్ళలో ఎక్కువమంది వేటగాళ్ళే. ఎండాకాలమంతా మేపి, శరత్కాలంలో అదే చేని గట్టున విల్లో తుపాకో పట్టుకుని కూర్చుంటారు. అయినా వేటకు లైసెన్సు వుంది, కాలం వుంది, లెక్క వుంది. కేవలం కిటికీలోంచి జింకలను చూసి ఆనందించడానికి వేసేవాళ్ళూ లేకపోలేదు.

అడుగంటి, మళ్ళీ నిండిన మంద

ఒకప్పుడు అక్కడా జింకలు అంతరించే స్థితికి వచ్చాయి. అదుపులేని వేటవల్ల 1900 ప్రాంతానికి దేశం మొత్తంమీద తెల్లతోక జింకలు 5 లక్షలకు మించి మిగలలేదని అంచనా. తరువాత చట్టాలు బిగించారు. 1937 లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాలమీది పన్నును వన్యమృగ సంరక్షణకే కేటాయించింది. జింకలు లేనిచోట్ల తెచ్చి వదిలారు. ఇప్పుడవి సుమారు 3 కోట్లు. కొన్నిచోట్ల మరీ ఎక్కువై అడవిలో లేతమొక్కను బతకనివ్వడం లేదు కూడా.

చేను ఎందుకు బీడు పడుతుంది?

మేతచేను వేయడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఒక ఎత్తు. క్లోవర్ మన పెసర, మినుముల వలె గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే మొక్క. మూడు నాలుగేళ్ళు అది కూడబెట్టిన సారాన్ని గడ్డి వచ్చి దోచుకుంటుంది. ఆస్తి సంపాదించేది ఒకరు, అనుభవించేది మరొకరు! గడ్డి వెనుక గోల్డెన్‌రాడ్ అనే పచ్చపూల కలుపు, దాని వెనుక బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలు, ఆ వెనుక మేపుల్ వంటి చెట్ల పిలకలు బారులు తీరుతాయి. నాలుగేళ్ళు వదిలేస్తే చేను ఏదో, అడవి ఏదో తెలియదు.

అయితే ఆ పొదలన్నీ పనికిమాలినవి కావు. బ్లాక్‌బెర్రీ ఆకు జింకకు ఇష్టమైన మేత. కుందేళ్ళకూ పిట్టలకూ అదే ఇల్లు. అందుకని తెలిసినవాళ్ళు మొత్తం నరకరు. అంచులు వదిలి నడిమి భాగం మాత్రమే శుభ్రం చేస్తారు. అదీ మే చివర, జూన్ నెలల్లో కాదు. ఉత్తరాది రాష్ట్రాలలో జింకలు ఈనే కాలం అది. తల్లి పిల్లను ఎత్తయిన గడ్డిలో దాచి మేతకు పోతుంది. అలికిడి అయితే ఆ పిల్ల పరుగెత్తదు, కదలక మెదలక పడుకుంటుంది. కోత యంత్రం కింద పడేది అందుకే.

చిన్న బండి, చిన్న పనిముట్లు

అర ఎకరానికి ట్రాక్టరు కొనలేరు. కొన్నా అడవి బాటలో అది దూరదు. అందుకని ఏ.టి.వి. అనే నాలుగు చక్రాల చిన్న బండిని ఎద్దులకు బదులు వాడుతున్నారు. మోటారు సైకిలువలె దానిమీద గుర్రమెక్కినట్లు కూర్చుంటారు. వెనుక కొక్కేనికి ఒకదాని తరువాత ఒకటిగా పనిముట్లు తగిలిస్తారు.

ముందు చేను నడిచి చూసి రాళ్ళు, మొద్దులు, పాత తీగలు ఏరివేయాలి. బొటనవేలికంటె లావైన పిలకలను రంపంతో కోయాలి. తరువాత లాగుడు కోత యంత్రంతో పొదలను నేలమట్టం చేస్తారు. కొద్ది వారాలు ఆగితే కొత్త చిగుళ్ళు వస్తాయి. వాటిమీద కలుపుమందు కొడతారు. బండి బ్యాటరీతోనే నడిచే చిన్న పంపు అందుకు చాలు. అందరూ వాడే గ్లైఫోసేట్ మందును 2015 లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ "బహుశా క్యాన్సర్ కారకం" అన్న తరగతిలో చేర్చింది. అమెరికా ప్రభుత్వ పర్యావరణ శాఖ ఆ మాటను ఒప్పుకోలేదు. ఎవరి మాట ఎలా వున్నా, చేతికి తొడుగు లేకుండా ఆ పని చేయరాదు.

కలుపు మాడిన రెండు వారాలకు దుక్కి. ట్రాక్టరు దున్నినట్లు ఈ చిన్న డిస్కు గొర్రు దున్నలేదు. పైన సిమెంటు దిమ్మలు పెట్టి బరువెక్కించినా రెండు మూడు అంగుళాలు దిగితే గొప్ప. నిలువుగా, అడ్డంగా, మళ్ళీ ఏటవాలుగా తిప్పాలి. పచ్చిపొదల మీద నేరుగా గొర్రు తోలితే అది ఎగిరెగిరి పడుతుందే తప్ప మట్టిని ముట్టదు.

సున్నం లెక్క

చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. అడవి నేల సాధారణంగా పులుపు. పి.హెచ్. 6 కంటె తగ్గితే క్లోవర్ కోలుకోదు, వేసిన ఎరువూ ఒంటబట్టదు. మట్టి పరీక్షలో ఎకరానికి 2 టన్నుల సున్నం వేయమన్నారనుకోండి. అర ఎకరానికి టన్ను. అమెరికా టన్ను అంటే 2,000 పౌన్లు. సున్నం గుళికలు 40 పౌన్ల సంచుల్లో వస్తాయి కనుక 50 సంచులు. బండి వెనుక తగిలించే చల్లుడు డబ్బాలో 100 పౌన్లు పడితే 20 సార్లు నింపాలి! పైగా సున్నం నేలలో కలిసి పనిచేయడానికి నెలలు పడుతుంది. అందుకే ఆరు నెలల ముందు మట్టి పరీక్ష చేయించినవాడు గెలుస్తాడు.

విత్తనం సంగతి ఇందుకు విరుద్ధం. తెల్ల క్లోవర్ గింజ ఆవగింజకంటె చిన్నది. ఎకరానికి 8 పౌన్లు చాలు. పావు అంగుళంకంటె లోతుకు పోతే మొలవదు. కాబట్టి మళ్ళీ దున్నకుండా, రోలరుతో ఒత్తి వదిలేస్తారు. ఆగస్టు చివర వాన ముందు వేసి, తోడుగా రై చల్లితే చలికాలానికి చేను పచ్చబడుతుంది. మధ్యలో చిన్న తీగబుట్ట బోర్లించి వుంచుతారు. బుట్ట లోపల మోకాలెత్తు పెరిగి, బయట నున్నగా వుంటే అతిథులు వచ్చి భోంచేసినట్లే.

రెండు ప్రమాదాలు

ఈ బండి చూడడానికి ఆటబొమ్మలా వుంటుంది కాని ఏటవాలులో ఇట్టే బోర్లాపడుతుంది. బరువును కింది కొక్కేనికే తగిలించాలి. వెనుక సామాను చట్రానికి తాడు కట్టి మొద్దును లాగితే ముందు చక్రాలు లేచి బండి మనిషి మీదనే పడుతుంది. పదహారేళ్ళ లోపు పిల్లలను అసలు నడపనీయవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతున్నది. తలకు హెల్మెట్ తప్పనిసరి.

రెండవది జింకలకే ప్రమాదం. 1967 లో కొలరాడోలో మొదట కనిపెట్టిన ఒక క్షీణరోగం ఇప్పుడు 30 కి పైగా రాష్ట్రాలకు పాకింది. మందు లేదు, టీకా లేదు. లాలాజలం, మలమూత్రాల ద్వారా వ్యాపిస్తుంది. అందుకే గింజలు కుప్పపోసి మేపడాన్ని అనేక రాష్ట్రాలు నిషేధించాయి. చేను మేయడం కుప్పమీద మూతులు కలపడమంత ప్రమాదం కాదంటారు. అయినా జింకలను ఒకచోటికి పోగుచేసే పని ఏదైనా ఆలోచించి చేయవలసిందే.

మన దేశంలో 1972 చట్టం తరువాత వేట లేదు కనుక వేటగాడి చేనూ లేదు. కాని పచ్చికను కాపాడే పని మనకూ వుంది. మధ్యప్రదేశ్‌లోని కన్హాలో 1970 లో బారాసింగా దుప్పులు 66 మాత్రమే మిగిలాయి. వూళ్ళు తరలించినచోట పాత పొలాలు పచ్చికబయళ్ళయినాక అవి తేరుకున్నాయి. మన అడవుల్లో లాంటానా పొదలు కమ్మిన చోట గడ్డి మొలవదు, గడ్డి లేనిచోట జింక నిలవదు. ఆ పొదలను మనవాళ్ళు గొడ్డలితో, గునపంతో వేళ్ళతో సహా పెకలిస్తారు. అవీ మరుసటి ఏడు మళ్ళీ తలెత్తుతూనే వుంటాయి.