పిల్లల ముఖానికి ‘నార్మల్’ కొలత ఎక్కడిది?

తొమ్మిదేళ్ల పాపకు పై పళ్లు కాస్త ఎత్తుగా వస్తున్నాయనుకుందాం. నోయిడాలో స్థిరపడిన తెలుగు అమ్మానాన్నలు ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన తలకు పక్కనుంచి ఒక ఎక్స్-రే తీయిస్తారు. దీన్ని సెఫలోగ్రామ్ అంటారు. దాంతోపాటు కంప్యూటర్ ముద్రించిన కాగితం ఒకటి వస్తుంది. అందులో ఒక వరుసలో పాప కొలతలు, పక్క వరుసలో ‘నార్మల్’ అంకెలు ఉంటాయి. తేడా ఉన్నచోట నక్షత్రం గుర్తు పడుతుంది. అమ్మానాన్నల గుండె ఆ నక్షత్రాల దగ్గరే ఆగిపోతుంది. ఇంతకీ ఆ రెండో వరుస ఎవరి పిల్లలది?

ముందు కొలత సంగతి చూద్దాం. ఎక్స్-రేలో నాలుగు బిందువులు గుర్తిస్తారు. మెదడు అడుగున పీయూష గ్రంథి కూర్చునే ఎముక గుంట మధ్యభాగం S. ముక్కు ఎముక నుదుటిని కలిసే చోటు N. పై దవడ ముందువైపు వంపులో బాగా లోపలికి ఉన్న బిందువు A, కింది దవడలో అలాంటిదే B. S నుంచి N కు గీత గీసి, N నుంచి A కు, B కు మరో రెండు గీస్తే వచ్చే కోణాలు దవడలు ఎంత ముందుకు ఉన్నాయో చెబుతాయి. పొడవులు కాకుండా కోణాలే ఎందుకంటే, ఎక్స్-రే కిరణాలు ఒక చిన్న బిందువు నుంచి విచ్చుకుంటూ వస్తాయి కనుక ఫిల్మ్ మీద నీడ అసలు తలకన్నా కొంచెం పెద్దగా పడుతుంది. ముఖం మధ్యగీత మీది బిందువులన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి వాటి మధ్య కోణాలు మారవు.

తలను కదలకుండా పట్టి ఇలా ఎక్స్-రే తీసే పద్ధతిని 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ విడివిడిగా ప్రకటించారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న ‘నార్మల్’ అంకెలు ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో అమెరికాలో తయారైనవే. 1948లో డౌన్స్ ప్రకటించిన విశ్లేషణకు ఆధారం చక్కని పలువరుస ఉన్న 20 మంది శ్వేతజాతి పిల్లలు, 12 నుంచి 17 ఏళ్లవారు. అవును, ఇరవై మందే. 1953లో స్టైనర్ ఇచ్చిన కోణాలు పై దవడకు 82 డిగ్రీలు, కింది దవడకు 80, తేడా 2. కింది ముందు పళ్లు దవడ అంచుకు 90 డిగ్రీల్లో నిలబడాలన్నది ట్వీడ్ లెక్క.

ఈ లెక్కలతో మన ముఖాలను పోల్చి చూసినవారు లేకపోలేదు. ఉత్తర భారతీయులపై నందా ద్వయం అధ్యయనం 1969లోనే వచ్చింది. దక్షిణ భారతీయుల ముఖపు మృదుకణజాలంపై 2008లో అమెరికా ఆర్థోడాంటిక్స్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, శ్వేతజాతి ప్రమాణాలతో పోలిస్తే మనవారి పళ్లు మరికాస్త ముందుకు ఉన్నట్టు తేలింది. మనలో చాలామందికి పళ్లూ పెదవులూ కొద్దిగా ముందుకు ఉండడం జబ్బేమీ కాదు, మన పోలిక. కానీ 90 డిగ్రీలే గురి అనుకుంటే పళ్లను వెనక్కి జరపాలి. అందుకు చోటు కావాలి. చోటు కోసం తరచూ చేసే పని, పైనా కిందా రెండేసి ఆరోగ్యమైన పళ్లు పీకేయడం. కొందరికి అది నిజంగానే అవసరం. అయితే ఆ అవసరాన్ని తేల్చేది పరాయి పట్టిక కాకూడదు.

పిల్లల విషయంలో చిక్కు ఇంకొకటి ఉంది. కింది దవడ ఎదుగుదల పై దవడ తర్వాత కూడా కొనసాగుతుంది. తొమ్మిదేళ్లప్పుడు వెనకబడినట్టు కనిపించే గడ్డం పదిహేనేళ్లకు ముందుకు రావచ్చు. కాబట్టి వయసుకో ప్రమాణం కావాలి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బ్రాడ్‌బెంట్ బృందం ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఎక్స్-రేలు తీసింది. దాని ఫలితంగా 1 నుంచి 18 ఏళ్ల వరకు బోల్టన్ ప్రమాణాలు 1975లో అచ్చయ్యాయి. ఇవాళ అలా చేయలేం. ఒక సెఫలోగ్రామ్ డోసు కొన్ని మైక్రోసీవర్టులే, ప్రకృతిలో రోజూ మనకు తగిలే రేడియేషన్‌తో పోల్చదగినంత. అయినా చికిత్స అవసరం లేని బిడ్డకు కేవలం పట్టిక నింపడానికి అంత కూడా ఇవ్వకూడదన్నది నేటి నీతి. పోనీ ఆసుపత్రుల్లో ఉన్న ఫిల్ములు వాడదామంటే, అవి సమస్యతో వచ్చినవారివి. వాటి సగటు ‘నార్మల్’ ఎలా అవుతుంది?

మన పట్టికలే తయారైనా ఒక జాగ్రత్త ఉంది. కొలతలు గంట ఆకారపు వక్రరేఖలా పరుచుకుంటే, సగటుకు అటూ ఇటూ ఒక ప్రామాణిక విచలనంలోపు ఉండేది 68 శాతమే. అదే హద్దుగా పెట్టుకుంటే ఆరోగ్యవంతుల్లోనే దాదాపు మూడో వంతుకు నక్షత్రం పడుతుంది. పది కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, పదీ హద్దులో ఉండేవారు వందకు ఇద్దరే! నిజానికి ముఖం కొలతలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కనుక పరిస్థితి అంత ఘోరంగా ఉండదు.

ఆ ముడిని లెక్కలోకి తీసుకునే పద్ధతి మన దేశంలోనే పుట్టింది. మహలనోబిస్ 1936లో ఇచ్చిన ‘దూరం’ సూత్రం అది. నేటి నోయిడా ప్రాంతం కూడా ఉన్న ఆనాటి యునైటెడ్ ప్రావిన్సెస్‌లో 1941లో జరిగిన శరీర కొలతల సర్వేను మహలనోబిస్, డి.ఎన్. మజుందార్‌లతో కలిసి విశ్లేషించినవారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు. ఆ విశ్లేషణ 1949లో ‘సాంఖ్య’ పత్రికలో వచ్చింది. అంతకుముందు మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ లాంటివారు తలలూ ముక్కులూ కొలిచి మనుషులను కులాల గదుల్లో సర్దారు. కొలత పుట్టిన చోట ఆ మరక ఉందని మరచిపోకూడదు. పైగా నాన్న గుంటూరు, అమ్మ మీరట్ అయితే పాపకు ఏ పట్టిక వాడాలి?

అందుకే అనుభవజ్ఞులైన ఆర్థోడాంటిస్టులు కాగితంతో సరిపెట్టుకోరు. పాప నవ్వు, పెదవులు మూసుకునే తీరు, పళ్ల అచ్చు, అమ్మానాన్నల ముఖాలు కూడా చూస్తారు. ‘ఈ నార్మల్ ఏ వయసువారిది, ఎక్కడివారిది?’ అని మీరు అడిగితే చెబుతారు కూడా. చికిత్స మధ్యలో అవసరమై రెండో ఎక్స్-రే తీస్తే, S-N గీతలు కలిసేలా మొదటి దానిమీద పెట్టి చూస్తారు. అప్పుడు పక్క వరుసలో ఉండేది రెండేళ్ల కిందటి అదే పాప.