సొమ్మొకరిది, సోకొకరిదా?

పొరుగింటి నుంచి గిన్నె వస్తే దాన్ని ఖాళీగా తిప్పి పంపకూడదని మన ఇళ్ళలో పెద్దలు చెబుతారు. ఈద్ నాడు మన ఇంటి నుంచి షీర్ ఖుర్మా వెళుతుంది. ఉగాదికి, సంక్రాంతికి అటునుంచి అరిసెలో, బొబ్బట్లో వస్తాయి. ఇలా వచ్చిపోయే గిన్నెల మీద ఎవరికీ ఏ పేచీ లేదు. ఎవరి వంట ఎవరు నేర్చుకున్నారని లెక్క రాసుకున్నవారూ లేరు.

కాని అమెరికా, యూరపు దేశాలలో కొన్నేళ్ళుగా ఇదే విషయం మీద పెద్ద తగవు నడుస్తోంది. ఒక జాతి వంటకాన్ని మరో జాతివారు వండి అమ్ముకోవచ్చునా? ఒక జాతి తలకట్టును మరో జాతివారు ఫ్యాషన్‌గా పెట్టుకోవచ్చునా? ఇలా చేయడాన్ని అక్కడ ‘కల్చరల్ అప్రోప్రియేషన్’ అంటున్నారు. మన మాటల్లో చెప్పాలంటే, పరుల సంస్కృతిని అడగకుండా సొంతం చేసుకోవడం.

చదువులకోసం, ఉద్యోగాలకోసం అక్కడికి వెళ్ళిన మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఈ మాటను కూడా వెంట తెస్తున్నారు. అంతా దొంగతనమే అని ఒకరంటారు. వంటకు కంచె వేస్తారా, ఇదంతా పనిలేని గొడవ అని ఇంకొకరంటారు. పెద్దలు ఏమీ తోచక నవ్వి ఊరుకుంటారు. మా దృష్టిలో ఈ రెండు తీర్పులూ తొందరపాటువే. ముందు అసలు జరిగినదేమిటో చూద్దాం.

జడ ఒకటే, తీర్పులు రెండు

తలకు అంటుకునేలా వరుసలు వరుసలుగా సన్నని జడలు అల్లుకోవడం ఆఫ్రికా స్త్రీలకు తరతరాలుగా ఉన్న అలవాటు. మొక్కజొన్న చేను సాళ్ళలా కనిపిస్తాయి కనుక అమెరికాలో వీటికి ‘కార్న్‌రోస్’ అని పేరు వచ్చింది. బానిసలుగా ఓడలలో తరలించబడినవారు భూమి, భాష, పేరు అన్నీ పోగొట్టుకున్నారు. వేళ్ళకు తెలిసిన ఈ అల్లిక మాత్రం వారితో మిగిలింది.

మిగిలిన దానిని కూడా ప్రశాంతంగా ఉంచుకోనివ్వలేదు. 1786లో, స్పెయిన్ పాలనలో ఉన్న లూసియానాలో, ఆఫ్రికా సంతతి స్త్రీలు తలకు గుడ్డ కట్టుకుని తీరాలని గవర్నర్ మిరో ఆజ్ఞ జారీ చేశాడు. వారి కేశాలంకరణ మరీ ఆకర్షణీయంగా ఉండడమే నేరమైంది. ఆ స్త్రీలు ఆజ్ఞను పాటించారు. కాని రంగురంగుల వస్త్రాలను ఎంతో అందంగా చుట్టుకుని, అవమానం కోసం పెట్టిన గుడ్డనే అలంకారంగా మార్చుకున్నారు.

ఇది పాతకాలపు మాట అనుకునేవారు తరువాతి కథ వినాలి. 1979లో ‘టెన్’ అనే హాలీవుడ్ చిత్రంలో బో డెరెక్ అనే తెల్లజాతి నటి ఇవే జడలతో కనిపించింది. చిత్రం విజయవంతమైంది. ఆ జడలు కొత్త ఫ్యాషన్ అయ్యాయి. సరిగ్గా ఆ రోజులలోనే అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేస్తున్న ఒక నల్లజాతి ఉద్యోగిని ఇవే జడలు వేసుకుని పనికి వెళితే, విధి నిర్వహణలో ఇవి కుదరవన్నారు. ఆమె కోర్టుకు వెళ్ళింది. ఇది తమ జాతి స్త్రీల సంప్రదాయమని మొరపెట్టుకుంది. 1981లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అంతేకాదు, ఒక తెల్లజాతి నటి ఆ జడలను ప్రచారంలోకి తెచ్చిన తరువాతనే ఆమె వాటితో పనికి వచ్చిందన్న వాదన కూడా ఆ తీర్పులో చోటుచేసుకుంది.

తన ముత్తవ్వల నుంచి వచ్చిన జడను తానే ఒక సినిమా చూసి నేర్చుకున్నట్లు ఆమె చెప్పించుకోవలసి వచ్చింది. సొమ్మొకరిది, సోకొకరిది అంటే ఇదే. నటికి అది అందం, ఆఫ్రికా సంతతి ఆడపడుచుకు అది ఉద్యోగానికి అడ్డు.

2010లో అలబామా రాష్ట్రంలో మరో నల్లజాతి యువతికి ఇచ్చిన ఉద్యోగాన్ని, ఆమె తన జుట్టును పాయలు కట్టిన తీరు మార్చుకోనన్నందుకు, ఒక సంస్థ వెనక్కి తీసుకుంది. 2016లో అప్పీలు కోర్టు కూడా ఆ సంస్థ పక్షమే వహించింది. చివరకు 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం ‘క్రౌన్’ చట్టం చేసింది. పుట్టుకతో వచ్చిన జుట్టు తీరును, దానికి తగిన జడలను కారణంగా చూపి బడిలో గాని, పనిలో గాని వివక్ష చూపరాదని ఆ చట్టం చెబుతుంది. తరువాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు మాత్రం 2022లో ప్రతినిధుల సభలో గెలిచి, సెనేట్‌లో ఆగిపోయింది.

ఈ కథకూ మన నేలకూ ఒక ముడి ఉంది. తిరుమలలో యాత్రికులు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. మన దేశం నుంచి ఇలా వెళ్ళే జుట్టు విదేశాలలో విగ్గులుగా, సవరాలుగా మారుతుంది. తమ సహజమైన జుట్టుతో వెళితే ‘పద్ధతిగా లేదు’ అనిపించుకునే నల్లజాతి స్త్రీలు ఖరీదు పెట్టి కొనుక్కునే సవరాలలో ఇదీ ఒకటి. ఒకరి తల మీద మొక్కుగా తీసిన జుట్టు, మరొకరి తల మీద సిగ్గును కప్పే ముసుగు అవుతోంది. ఆ సిగ్గు ఆమెది కాదు, ఆమె చేత పడేలా చేసిన వారిది.

వంటింటి తగవు

వంటల విషయం జడలంత సూటిగా ఉండదు. అక్కడ నిజమైన ఫిర్యాదూ ఉంది, ఉబుసుపోక ఫిర్యాదూ ఉంది.

2015లో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాలలో విద్యార్థులు తమ భోజనశాల మీద ఫిర్యాదు చేశారు. వియత్నాం బాన్ మీ, జపాన్ సూషీ అని పేర్లు పెట్టి వేరే ఏదో వడ్డిస్తున్నారని, ఇది ఆయా సంస్కృతులను అవమానించడమేనని వారి వాదన. పేరు ఒకటి, పదార్థం మరొకటి అయితే ఆ దేశపు పిల్లలకు కష్టం కలగడం సహజమే. కాని సూషీ అన్నం సరిగా ఉడకకపోతే అది వంటవాడి తప్పు. దానిని సంస్కృతీ చౌర్యం అనడం మాటను పలచన చేయడమే అవుతుంది.

2017లో ఆరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో జరిగినది వేరు. బర్రిటోలు అమ్మే ఇద్దరు మహిళలు తమ విజయ రహస్యాన్ని స్థానిక పత్రికకు చెప్పారు. మెక్సికోలోని ప్యూర్టో న్యూవో అనే ఊరికి వెళ్ళి, అక్కడ రొట్టెలు చేసే ఆడవాళ్ళను పద్ధతి అడిగారట. వారు కొంత చెప్పి, అసలు కిటుకు చెప్పకపోతే వంటశాలల కిటికీలలోంచి తొంగి చూశారట. ఇది అచ్చయ్యాక విమర్శలు వెల్లువెత్తి ఆ వ్యాపారం మూతపడింది. బర్రిటో వండడం నేరమా? కాదు. కాని ‘చెప్పం’ అన్న మనిషి కిటికీలోంచి తొంగి చూసి, ఆ కిటుకుతో డబ్బు చేసుకుని, అది గొప్పగా చెప్పుకోవడం? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవారిని మన పెద్దలు ఏమంటారో అందరికీ తెలుసు.

తీసుకునేవారు ఎప్పుడూ పరాయివారే అయి ఉండాలని లేదు. దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన అమ్మమ్మలకు, నానీలకు ఎవరూ నేర్పనక్కరలేదు. గాయం మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు దొరికింది. దానికోసం పనిచేసిన పరిశోధకులు ఇద్దరూ భారత సంతతి వారే! మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాలను, పత్రాలను సాక్ష్యంగా పెట్టి పోరాడితే 1997లో ఆ పేటెంటు రద్దయింది. పసుపు వాడుకున్నందుకు కాదు, ‘ఇది మా సొంతం, ఇక మీరు అడిగి వాడుకోండి’ అనే హక్కు పుచ్చుకున్నందుకు ఆ పోరాటం.

అరబ్బు దేశాల హమ్మస్ సంగతీ అంతే. ఉడికించిన శనగలను నువ్వుల ముద్దతో కలిపి నూరిన ఈ పదార్థం ఇజ్రాయెల్ వంటగా విదేశాలలో అమ్ముడవుతోందని లెబనాన్ వ్యాపారులు 2008లో ఆగ్రహించారు. పోటాపోటీగా రికార్డులు మొదలయ్యాయి. 2010 మేలో లెబనాన్ వంటవాళ్ళు 10,452 కిలోల హమ్మస్ తయారుచేశారు. లెబనాన్ వైశాల్యం కూడా 10,452 చదరపు కిలోమీటర్లే. ఆ అంకెను కావాలనే ఎంచుకున్నారు. చూసేవారికి ఇది వినోదం. కాని ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న పలస్తీనా కుటుంబానికి, తమ వంట కూడా ఇంకొకరి పేరుతో చెలామణీ కావడం పుండు మీద కారం వంటిది.

తగవు తీర్చుకునే దారి లేకపోలేదు. కుస్‌కుస్ తమదంటే తమదని వాదులాడుకునే ఉత్తర ఆఫ్రికా దేశాలు అల్జీరియా, మొరాకో, ట్యునీసియా, మారిటేనియా నాలుగూ ఒక్క దరఖాస్తు పెట్టుకున్నాయి. 2020లో యునెస్కో దానిని నలుగురి ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. రాజకీయాలలో కలవని అన్నదమ్ములు పళ్ళెం దగ్గర కలిశారు.

మన దస్తర్‌ఖాన్ మీద ఎవరి సొమ్ము?

ఇక మన సంగతికి వద్దాం. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. దేశంలో ఆ గౌరవం పొందిన తొలి మాంసాహార వంటకం అదే. కట్టెల బట్టీ మీద గంటల తరబడి ఉడికించి, చెమటలు కక్కుతూ ఘోట్నీలతో దంచే శ్రామికుల పనితనానికి అది న్యాయమైన గుర్తింపే.

అయితే హలీం ఎక్కడిది? గోధుమలు, మాంసం కలిపి మెత్తగా ఉడికించే అరబ్బుల హరీస్ దానికి మూలం. 10వ శతాబ్దపు బాగ్దాదు వంట గ్రంథంలోనే హరీస్ ఉంది. నిజాం సైన్యంలో చేరడానికి యెమన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు బార్కస్‌లో స్థిరపడి ఆ వంటను మన దగ్గర నిలబెట్టారు. మన మసాలాలు, పప్పులు, నెయ్యి చేరి అది హైదరాబాదీ హలీం అయింది. 2023లో యు.ఏ.ఇ., ఒమన్, సౌదీ అరేబియాల హరీస్ యునెస్కో జాబితాలో చేరింది. దానివల్ల మన హలీంకు వచ్చిన లోటు లేదు. తల్లికీ గౌరవం దక్కింది, బిడ్డకూ దక్కింది.

మిర్చీ కా సాలన్ చూడండి. అందులోని మిరప, వేరుశనగ రెండూ అమెరికా ఖండాల మూలవాసులు పండించి ప్రపంచానికి ఇచ్చినవే. ఖట్టీ దాల్‌లో చింతపండు పులుపు, కరివేపాకు తాళింపు మన తెలుగు పొరుగింటి వాసనలే. ఒక్క పళ్ళెంలో ఇందరి బాకీ ఉన్నప్పుడు, ‘ఎవరి వంట వారే వండుకోవాలి’ అనే నియమం పెడితే మనకు మిగిలేది ఉప్పూ నీళ్ళే.

మన వాకిట్లో

మరి తప్పు ఎక్కడ? వంటకంలో కాదు, జడలో కాదు. వస్తువును ఇష్టపడి, మనిషిని దూరం పెట్టడంలో ఉంది.

ఇది మనకు పుస్తకాలలో చదివిన బాధ కాదు. రంజాన్ మాసంలో హలీం బట్టీల ముందు అన్ని మతాలవారూ వరుస కడతారు. అది మనకు సంతోషం, గర్వం. కాని అదే ఊళ్ళో అద్దె ఇంటికోసం వెళితే ‘మీరు మాంసం వండుతారా?’ అన్న ప్రశ్న, తరువాత ‘ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేశాం’ అన్న జవాబు మనలో చాలామంది విన్నవే. బిర్యానీ కావాలి, వండే కుటుంబం మాత్రం పక్క వాటాలో వద్దు. ఆ నల్లజాతి ఉద్యోగిని బాధ అర్థం కావడానికి మనకు ఇంతకన్నా వేరే పాఠం అక్కరలేదు.

అయితే కొలబద్ద రెండువైపులా ఒకటే ఉండాలి. హైదరాబాదు టోలీచౌకీలో సుడాన్, సోమాలియా వంటి దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. జుమా నమాజులో మన పక్కనే, భుజం భుజం కలిపి నిలబడతారు. మసీదు మెట్లు దిగాక, వారి జుట్టును చూసి వెనకనుంచి కిసుక్కున నవ్వే మన పిల్లలను మేము చూశాం. వారిని వారించని పెద్దలనూ చూశాం. ఒక్కోసారి ఆ పెద్దలలో మేమూ ఉన్నాం. అదే జుట్టు తీరు ఫుట్‌బాల్ ఆటగాడి తల మీద కనిపిస్తే ఆ పిల్లలే మంగలి షాపుకు పరుగెత్తుతారు. అమెరికా కోర్టు తీర్పును తప్పుపట్టే ముందు, మన వీధిలోని ఈ తీర్పును దిద్దుకోవలసి ఉంది.

కనుక పిల్లలు ఈ చర్చ తెచ్చినప్పుడు నవ్వి ఊరుకోకుండా మూడు ప్రశ్నలు వారి ముందు ఉంచుదాం. ఎవరి దగ్గర నేర్చుకున్నామో వారి పేరు చెబుతున్నామా? అదే పని వారు చేస్తే వెక్కిరింపు, మనం చేస్తే మెప్పు వస్తోందా? దాని మీద డబ్బు వస్తే అందులో వారికి భాగం ఉందా? ఈ మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగిన ఇంట ఏ దేశపు వంటైనా వండుకోవచ్చు, ఏ జడైనా అల్లుకోవచ్చు.

గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదన్న పెద్దల మాటకు అర్థం ఇదే. తీసుకోవడం తప్పు కాదు. తీసుకున్నవారి గుమ్మం మరచిపోవడం తప్పు. వచ్చే శుక్రవారం మసీదు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు, పక్కన నిలబడి నమాజు చేసిన ఆ సుడాన్ కుర్రవాణ్ణి భోజనానికి పిలుద్దాం. మీ ఇంట్లో ఏం వండుతారని అడుగుదాం. మన పిల్లలు వింటూ ఉండగా అడుగుదాం.